వీధి మొత్తం ఎండాకాలానికి సిద్ధం కావాలంటే చలివేంద్రం కన్నా ముందు చూడాల్సినవి

తమ్ముడూ, మీ ప్రశ్న ఇదీ: ఉత్తర చెన్నై కొరుక్కుపేటలో రైల్వే లైను పక్క సందు, సుమారు 140 ఇళ్ళు, ఎక్కువమంది తెలుగువాళ్ళు. కార్పొరేషన్ పారిశుధ్య పనివాళ్ళు, ఇస్త్రీ బండ్లవాళ్ళు, ఇళ్ళలో పనికి వెళ్ళే ఆడవాళ్ళు, ఆటోవాళ్ళు. సంఘం దగ్గర 60,000 రూపాయలున్నాయి. పెద్ద చలివేంద్రం పెట్టి, టోపీలు పంచి, కరపత్రాలు వేద్దామనుకుంటున్నారు, ఇంకేం చేస్తే బాగుంటుందని అడిగారు. నేను ఉత్తర చెన్నైలోనే చాలా ఏళ్ళు ప్రజారోగ్యం పని చేసినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

చలివేంద్రం వద్దనను. కానీ మీరు చెప్పిన మూడూ మధ్యాహ్నం రోడ్డు మీద నడిచేవాళ్ళకే పనికొస్తాయి. మీలాంటి సందుల్లో ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా ఇంట్లో ఉన్నవాళ్ళకి. రేకుల కింద పగలంతా మంచాన ఉండే ముసలాయన, పై అంతస్తులో రాత్రంతా నిద్ర లేని బీపీ మనిషి, ఒంటరిగా ఉండే అవ్వ. వాళ్ళు చలివేంద్రం దాకా రారు, కరపత్రం చదవరు. పోయాక కూడా ఎండవల్ల పోయారని ఎవరూ రాయరు, గుండెపోటు అంటారు. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఎండ 46 డిగ్రీలు దాటింది. ఆ నెలలో ఊళ్ళో జరిగిన మొత్తం మరణాలను మామూలు మే నెలలతో పోల్చి చూస్తే 1,344 ఎక్కువని తేలింది. ఆ దెబ్బతోనే 2013లో ఆ నగరం వేడి కోసం ప్రత్యేకంగా కార్యాచరణ ప్రణాళిక రాసుకుంది.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. 'వడగాలుల హెచ్చరిక వస్తే అప్పుడు చూసుకుందాం' అనుకుంటే చెన్నైలో ఆలస్యమైపోతుంది. వాతావరణ శాఖ లెక్కలో తీరప్రాంతానికి వడగాలి అంటే గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 37 డిగ్రీలు ఉండాలి, పైగా ఆ రోజుకి మామూలుగా ఉండేదానికన్నా 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. మనకి మే నెలలో మామూలే 37 దగ్గర ఉంటుంది. అంటే దాదాపు 42కి చేరితే గాని ఆ మాట టీవీలో వినపడదు. 38 డిగ్రీలకి సముద్రపు ఉక్క తోడైతే ఒంటి మీద చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. కాబట్టి మీ సందుకి మీరే ఒక గీత గీసుకోండి. నా సలహా: వరసగా రెండు రోజులు పగలు 38 దాటి, రాత్రి 29 కన్నా దిగకపోతే మీ ఏర్పాట్లన్నీ మొదలవ్వాలి. రాత్రి అంకె చూడటం ఎవరికీ అలవాటు లేదు, నేను ముందు చూసేది అదే.

ఇంకో గుర్తు గాలి. మే నెలలో పొద్దున్నుంచి పడమటి గాలి వీస్తుంది, అది పొడిగా సెగలాగా ఉంటుంది. మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి గాలి తిరిగితే ఎండ అక్కడితో ఆగుతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజుల్లో ఆ సముద్రపు గాలి మూడింటి దాకా రాదు, ఒక్కోసారి అసలు రాదు. నగరంలో వేడి రికార్డులు పుట్టేది అలాంటి రోజుల్లోనే. 2003 మే 31న చెన్నై నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో 45 డిగ్రీలు నమోదైంది. మధ్యాహ్నం రెండింటికి కూడా గాలి తిరగకపోతే 'ఈ రోజు మామూలు రోజు కాదు' అని మీ కుర్రాళ్ళు వాట్సాప్ గ్రూపులో పెట్టేయొచ్చు. గాలి తిరిగాక తూర్పు కిటికీలు తెరవాలి, అప్పటిదాకా మూసి ఉంచాలి. చాలా ఇళ్ళలో ఆ తూర్పు కిటికీకి అడ్డంగా బీరువా ఉంటుంది. ఈ సీజనుకి దాన్ని జరపమనండి.

ఇక ఇళ్ళు. మీ సందులో రెండు రకాల ఇళ్ళుంటాయి, వాటి బాధలు వేరు. సిమెంటు రేకో, టిన్ను రేకో ఉన్న ఇల్లు పదకొండు నుంచి అయిదు దాకా పొయ్యి మీద పెట్టిన పెనంతో సమానం. ఎండలో రేకు వేడి 60 డిగ్రీలు దాటుతుంది, ఆ సెగ నేరుగా నడినెత్తి మీదికి దిగుతుంది. గోడకి తగిలించిన థర్మామీటరు గాలి వేడినే చూపిస్తుంది, ఈ సెగని చూపించదు. కానీ రేకు పలచన కాబట్టి రాత్రి తొమ్మిదికల్లా చల్లబడుతుంది. కాంక్రీటు స్లాబు కింద పై అంతస్తులో ఉన్నవాళ్ళది సరిగ్గా తిరగేసిన కథ. స్లాబు పగలంతా వేడి మింగుతుంది, అది కిందికి చేరడానికి గంటలు పడుతుంది, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా గదిలోకి కక్కుతూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే ఆ సీలింగు వేడే మీద పడుతుంది. అందుకే రేకుల ఇళ్ళవాళ్ళకి కావాల్సింది మధ్యాహ్నం పడుకోవడానికి వేరే చోటు, పై అంతస్తువాళ్ళకి కావాల్సింది రాత్రి పడుకోవడానికి వేరే చోటు. ఇది తెలియకుండా అందరికీ ఒకే సాయం చేస్తే డబ్బు సగం వృథా.

ఆ రెండు చోట్లూ మీ సందులోనే ఉన్నాయి. మధ్యాహ్నానికి గుడి మండపం, చర్చి హాలు, అంగన్‌వాడీ గది, కింది అంతస్తులో ఉన్న ఎవరో ఒకరి పెద్ద గది, ఏదైనా సరే. పైన ఇంకో అంతస్తు ఉండాలి లేదా మందపాటి పాత మిద్దె అయ్యుండాలి. రెండు స్టాండు ఫ్యాన్లు, చాపలు, ఒక కుండ, పక్కనే మరుగుదొడ్డి. మరుగుదొడ్డి లేని చోటు ఎంత చల్లగా ఉన్నా ముసలివాళ్ళు రారు. ఏసీ ఉంటే సంతోషం, లేకపోయినా ఆ నాలుగైదు గంటల విరామమే ఒంటికి చాలా పెద్ద సాయం.

రాత్రికి మొట్టమాడి, అంటే మేడ పైభాగం. చెన్నైలో దీనికి అడ్డం సూర్యుడు కాదు, హౌస్ ఓనరు. మేడ మీద తలుపుకి తాళం, అద్దెకున్నవాళ్ళకి ప్రవేశం లేదు. ఈ తాళాలు తీయించడం మీ సంఘం చేయగల అతి పెద్ద పని, ఖర్చు సున్నా. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలు మాత్రమే, ఎవరి ఇంటి మేడ మీద ఎవరు పడుకుంటారు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఆడవాళ్ళకి విడిగా ఏ మేడ అన్నది పెద్దమనుషులు కూర్చుని ఓనర్లతో ముందే మాట్లాడాలి. పిట్టగోడ లేని మేడల మీద ఎవర్నీ పడుకోనివ్వొద్దు, నిద్రలో దొర్లి పడిపోయినవాళ్ళున్నారు. దోమతెరలు కట్టుకోవాలి. సాయంత్రం ఎండ దిగాక బట్టలు ఉతికిన నీళ్ళు నాలుగు బకెట్లు స్లాబు మీద చల్లితే పడుకునే వేళకి తేడా తెలుస్తుంది. తాగే నీళ్ళు ఇందుకు వాడొద్దు.

మీ దగ్గరున్న డబ్బులో సగానికి పైగా సున్నానికి పెట్టండి. తెల్లటి పైకప్పు ఎండని తిప్పి కొడుతుంది, కింద గదిలో రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా తేడా వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని కోసమే చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. ఖరీదైన కూల్ రూఫ్ పెయింటు అక్కర్లేదు. స్లాబుకైనా, దాని మీద పరిచిన ఎర్ర పలకలకైనా సున్నంలో ఫెవికాల్ లాంటి జిగురు కలిపి రెండు పూతలు వేస్తే ఒక ఎండాకాలం గడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకి అది కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరిలో మళ్ళీ వేయాలి. టిన్ను రేకు మీద సున్నం నిలవదు, ప్రైమరు కొట్టి తెల్ల పెయింటే వేయాలి. దుమ్ము పట్టిన తెలుపు తెలుపు కాదు. మీ పక్కన రైల్వే లైను, లారీల రోడ్డు ఉన్నాయి కాబట్టి ఏప్రిల్ చివర ఒకసారి కడిగించండి.

సిమెంటు రేకుల దగ్గర మాత్రం జాగ్రత్త. చాలావాటిలో ఆస్‌బెస్టాస్ అనే హానికరమైన నార ఉంటుంది. ఇనప బ్రష్షుతో పొడిగా గీకితే ఆ నూగు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బాగా తడిపి, మెత్తటి చీపురుతో నాచు తీయండి. రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు, విరిగి కింద పడతారు. మేకులు కొట్టిన వరసలో అడ్డంగా పలక వేసి దాని మీద కూర్చుని పని చేయాలి. ఉత్సాహంగా పైకెక్కే పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళకన్నా వయసొచ్చిన పెయింటరు ఒకణ్ణి కూలికి పెట్టుకోవడం నయం.

సున్నం కూడా వేయలేని చోట రేకుకి ఒక అడుగు ఎత్తులో నీడ కట్టినా చాలు. పచ్చ వల గాని, పాత ఫ్లెక్సీ బ్యానరు తెల్లవైపు పైకి పెట్టి గాని కట్టొచ్చు (మన ఊళ్ళో బ్యానర్లకి కరువెప్పుడూ లేదు, అన్ని పార్టీలవీ దొరుకుతాయి). రేకుకీ దానికీ మధ్య గాలి ఆడాలి, అదే కీలకం. గాలివానకి ఎగిరిపోకుండా గట్టిగా కట్టాలి. లోపల థర్మకోల్ సీలింగు మాత్రం వద్దు. ఒకే గదిలో గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో అది నిప్పుని పిలిచి పెట్టుకోవడమే. ఎయిర్ కూలర్లు కొందామని ఎవరైనా అంటే ఆపండి. అవి హైదరాబాదు, నాగపూరు లాంటి పొడి ఊళ్ళకి బాగుంటాయి. మన ఉక్కలో మూసిన గదిలో కూలర్ పెడితే గదంతా తేమ పెరిగి ఊపిరాడనట్టు అవుతుంది. దానికి బదులు తడిపి పిండిన తువ్వాలు ఒంటి మీద వేసుకుని టేబుల్ ఫ్యాను ముందు కూర్చోవడం ఎంతో మేలు. గదిలో వేడి 40 దాటినప్పుడు పొడి ఒంటి మీద ఫ్యాను గాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుంది, అప్పుడు తడి తప్పనిసరి.

ఇప్పుడు మనుషుల సంగతి. ఒక నోటు పుస్తకం తీసుకుని సందు ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళండి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు, మంచాన ఉన్నవాళ్ళు, గుండె, కిడ్నీ, షుగరు మనుషులు, మానసిక వ్యాధులకి మందులు వాడేవాళ్ళు (వాటిలో కొన్ని చెమటని ఆపేస్తాయి), ఒంట్లో నీళ్ళు మూత్రంగా పోవడానికి బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు, నిండు గర్భిణులు, పసిపిల్లలు, రోజూ తాగేవాళ్ళు. ఒక్కొక్కరి పేరు పక్కన పొరుగింటివాళ్ళ పేరు ఒకటి రాయండి. సంఘం పేరు రాస్తే ఎవరూ వెళ్ళరు, మనిషి పేరు రాస్తే వెళ్తారు. 1995లో షికాగోలో వేడికి 700 మందికి పైగా పోయారు, వాళ్ళలో చాలామంది తలుపు వేసుకుని ఒంటరిగా ఉన్నవాళ్ళే. మన సందుల్లో తలుపులు తీసే ఉంటాయి కదా అనుకోవద్దు. మధ్యాహ్నం అందరూ పనికి పోయాక ఏ ఇంట్లో ఎవరున్నారో ఎవరికీ తెలియదు.

తలుపు తట్టేది రోజుకి రెండుసార్లు, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి. 'బాగున్నావా అవ్వా' అని అడిగితే ఆవిడ బాగున్నాననే అంటుంది. పొద్దున్నుంచి ఎన్నిసార్లు ఒంటికి వెళ్ళిందో అడగండి. చెయ్యి పట్టుకుని చూడండి. మంచం పక్కన చేతికందేలా నీళ్ళున్నాయా, ఫ్యాను తిరుగుతోందా చూడండి. మాట తడబడుతోందా, అడిగినదానికి వేరేది చెప్తోందా గమనించండి. ఇన్సులిన్ వాడేవాళ్ళ ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే తడి ఇసకలో పెట్టిన చిన్న మట్టికుండలో, మూత బిగించిన డబ్బాలో ఉంచమనండి. రేకుల ఇంట్లో అలమరలో పెట్టిన మందు పాడైపోతుంది, అది తెలియక షుగరు ఎందుకు దిగట్లేదా అని వాళ్ళు బెంగపడుతుంటారు.

చలివేంద్రం దగ్గరికి ఇప్పుడు వస్తాను. మీ సందులో ఆడవాళ్ళు నీళ్ళు తక్కువ తాగేది నీళ్ళు లేక కాదు. మూత్రం పోయడానికి చోటు లేక. ఇంటి పనులకి వెళ్ళేవాళ్ళకి ఆ ఇళ్ళలో బాత్రూము వాడనివ్వరు. ఊడ్చే పనిలో ఉన్నవాళ్ళకి దారిలో ఏమీ ఉండదు. సందు చివర పబ్లిక్ టాయిలెట్ ఉంటే దానికి లైటు ఉండదు, రాత్రి ఎనిమిది తరవాత తాళం. మీరు వంద కుండలు పెట్టినా వాళ్ళు గొంతు తడుపుకుని ఆపేస్తారు. ముందు ఆ టాయిలెట్‌కి లైటు, నీళ్ళు, లోపలి గడియ పెట్టించండి. కార్పొరేషన్ ఫిర్యాదుల ఫోను 1913కి చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి, వార్డు కౌన్సిలర్‌ని కలవండి, అప్పటికీ కాకపోతే మీ డబ్బుతోనే బల్బు వేయించండి. పార్టీలవాళ్ళ తణ్ణీర్ పందల్ (చలివేంద్రం) ఏప్రిల్‌లో ఫొటోలతో మొదలై మే రెండో వారానికి ఖాళీ కుండలతో మిగిలిపోవడం మీరూ చూసే ఉంటారు. మీది చిన్నదిగా, మూత పెట్టి, పిడి ఉన్న గరిటెతో, జూన్ దాకా రోజూ నింపే మనిషితో ఉండాలి. నీళ్ళతో పాటు ఉప్పేసిన మజ్జిగ, రాగి అంబలి ఇవ్వగలిగితే పనికి పొద్దున్నే పోయేవాళ్ళకి అంతకన్నా మంచిది లేదు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు కొంటే పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలని చెప్పండి. గ్లాసులో సగం ప్యాకెట్టు వేసి తాగడం ప్రమాదం. ప్యాకెట్టు లేకపోతే లీటరు మంచినీళ్ళకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, స్పూను తల గీసి కొలవాలి. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్ళు రోజుకి ఎన్ని నీళ్ళు తాగాలో ఇప్పుడే, ఎండలు ముదరకముందే, కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రంలో డాక్టరుని అడిగి ఉంచుకోవాలి.

అన్ని జాగ్రత్తలూ దాటి ఎవరైనా పడిపోతే చేసేది ఒకటే: చల్లబరచడం, వెంటనే, అంబులెన్సు వచ్చేలోపే. మనిషి ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూనో మూర్ఛలోనో ఉంటే అది వడదెబ్బే అనుకుని మొదలుపెట్టండి. చెమట పట్టలేదు కాబట్టి వడదెబ్బ, పట్టింది కాబట్టి కాదు అనే లెక్క తప్పు, పని చేస్తూ పడిపోయినవాళ్ళకి ఒళ్ళంతా చెమట ఉంటుంది. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్ళు నీడలోకి లాగి, బట్టలు వదులు చేసి, టార్పాలిన్ పట్టా మీద పడుకోబెట్టి, నలుగురు నాలుగు అంచులూ ఎత్తి పట్టుకుంటే అదే తొట్టి అవుతుంది. అందులో నీళ్ళు, ఐసు పోసి ఒంటి మీద ఆడించాలి, తల మాత్రం పైకి ఉంచాలి. కాసిమేడు మీకు దగ్గరే, చేపలకి వాడే ఐసు దొరుకుతుంది. ఆ ఐసు ఒంటికే, తాగే నీళ్ళలో వేయకూడదు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ పని చేయదు, ఇది జ్వరం కాదు. ఉల్లిపాయ రుద్దే పెద్దమ్మని కోప్పడకండి గానీ ఆవిడ చేతికి విసనకర్ర ఇవ్వండి.

స్టాన్లీకో ఇంకే ప్రభుత్వాసుపత్రికో తీసుకెళ్ళాక డాక్టరుతో ఒంటి ఉష్ణోగ్రత చూసి కేసు షీటులో రాయమని అడగండి. తమిళనాడు ప్రభుత్వం 2024 అక్టోబరులో వేడిగాలులని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది, మరణిస్తే కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం ఉంది. కాగితం మీద వడదెబ్బ అన్న మాటే లేకపోతే ఏ ఆధారంతో అడుగుతారు?

పనికి వెళ్ళేవాళ్ళ విషయంలో మీ సంఘం చేయగలిగింది తక్కువే, కానీ ఒకటి చెప్పండి. ఎండకి ఒళ్ళు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఊరికెళ్ళి నెల తరవాత వచ్చినవాడు, జ్వరం నుంచి లేచినవాడు, కొత్తగా మేస్త్రీ కింద చేరిన కుర్రాడు మొదటి వారం పూర్తి పని చేయకూడదు. ఇస్త్రీ బండి బొగ్గుల సెగ దగ్గర నిలబడేవాళ్ళు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆపి, సాయంత్రం చేసుకోవడానికి అపార్ట్‌మెంటువాళ్ళని ఒప్పించగలరేమో చూడండి. చాలామంది ఒప్పుకుంటారు, ఎవరూ అడగరంతే.

కరెంటు గురించి మార్చిలోనే ఈబీ (కరెంటు) ఆఫీసులో ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజనీరుకి, సందు తరఫున సంతకాలతో కాగితం ఇవ్వండి. రాత్రి పదకొండింటికి అందరూ ఏసీలు వేశాక ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్ అయితే మంచాన ఉన్నవాళ్ళకే మొదటి దెబ్బ. నల్ల సింటెక్స్ ట్యాంకు నీళ్ళు మూడింటికి కాలిపోతుంటాయి, దానికి గోనె పట్టా చుట్టండి, పొద్దున్నే బకెట్లు నింపి పెట్టుకోండి. చెట్లు పెట్టాలనుకుంటే వేప, కానుగ పెట్టండి. 2016 వార్దా తుఫానులో ఈ ఊరి చెట్లు ఎన్ని కూలాయో చూశాం కదా, తొందరగా పెరిగే మెత్తకర్ర చెట్లు వద్దు. కానీ అవి నీడ ఇచ్చేసరికి కొన్ని ఎండాకాలాలు గడుస్తాయి, ఈ ఏటి ఏర్పాటులో వాటిని లెక్కేసుకోవద్దు.

డబ్బు పంపకం నా లెక్కలో ఇలా ఉంటుంది. 35,000 సున్నం, పెయింటు, కూలీకి, ముందు ఆ నోటు పుస్తకంలో పేర్లున్న ఇళ్ళకి, తరవాతే మిగతావాళ్ళకి. 10,000 మధ్యాహ్నం గదికి, ఫ్యాన్లు, చాపలు. 5,000 టార్పాలిన్, ఐసుపెట్టె, ఓఆర్ఎస్, రెండు థర్మామీటర్లకి. 5,000 టాయిలెట్ లైటు, గడియలకి. మిగిలినదాంట్లో చలివేంద్రం. టోపీలు, కరపత్రాలు వదిలేయండి. టోపీల మీద ఎవరి పేరు వేయాలన్న గొడవ కూడా తప్పుతుంది.

ఈ ఆదివారం ఇద్దరు కుర్రాళ్ళని తీసుకుని సందంతా ఒకసారి తిరగండి. సిమెంటు రేకులు ఎన్ని, టిన్ను రేకులు ఎన్ని, స్లాబు కింద పై అంతస్తు ఇళ్ళు ఎన్ని, తాళం వేసిన మేడలు ఎన్ని అన్నది రాసి ఇక్కడ పెట్టండి. పైకప్పు సుమారు కొలతలు కూడా ఇస్తే ఎన్ని బస్తాల సున్నం పడుతుందో, ముందు ఏ ఇళ్ళతో మొదలుపెట్టాలో లెక్క వేసి చెప్తాను.